సైరన్ ఎవరు మోగించాలి?

(పనిలో ప్రాణాలు కోల్పోయిన కార్మికుల స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసం అంటే సాధారణంగా ఒక మహనీయుడి పేరున జరిగేది. ఈ ఉపన్యాసానికి అలాంటి పేరేమీ లేదు. డ్యూటీకని ఇంట్లోంచి బయల్దేరి తిరిగి రాని వారందరి జ్ఞాపకార్థం దీన్ని ఏర్పాటు చేశారు. ఏటా ఏప్రిల్ 28న చాలా దేశాల్లో కార్మిక సంఘాలు అలాంటి వారిని తలుచుకుంటాయి. 2003 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఇదే రోజున పనిచోట భద్రత, ఆరోగ్యాల దినం జరుపుతోంది. నివాళి చెప్పవలసిన మాటలు ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. ప్రమాదం ముంచుకొస్తున్నప్పుడు సైరన్ ఎవరు మోగించాలి? మోగించే ముందు ఆ మనిషి ఎవరిని అడగాలి?

అత్యవసర ప్రణాళిక అనగానే బైండు చేసిన పుస్తకం, గోడకు తగిలించిన మ్యాపు, ఫోన్ నంబర్ల బోర్డు గుర్తొస్తాయి. అవన్నీ ఉండాల్సినవే. కానీ రాత్రి షిఫ్టులో ఉన్న అందరికన్నా కింది మనిషికి, అంటే కాంట్రాక్టు హెల్పరుకో వాచ్‌మన్‌కో, ఎవరి మాట కోసమూ చూడకుండా సైరన్ మోగించే అధికారం లేకపోతే ఆ పుస్తకం తనిఖీకి తప్ప మరెందుకూ పనికిరాదు. ఈ మాట ఊరికే అనడం లేదు. పెద్ద ప్రమాదాల చరిత్ర చూస్తే ఇదే కనిపిస్తుంది.

భోపాల్‌లో మోగి ఆగిన సైరన్

1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి భోపాల్ యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకులోకి నీళ్లు చేరాయి. సుమారు 40 టన్నుల విషం ఊరి మీద పడింది. ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. ఆవిరిని మండించాల్సిన ఫ్లేర్ గొట్టం మరమ్మతులో ఉంది. ఈ సంగతులు చాలామందికి తెలుసు. అంతగా చర్చకు రాని సంగతి సైరన్‌ది. చిన్న చిన్న లీకులకు బస్తీ జనం కంగారు పడకూడదని, కర్మాగారం లోపలి అలారాన్నీ ఊరికి వినబడే సైరన్‌నూ అంతకుముందే వేరు చేసి పెట్టారు. ఆ రాత్రి ఊరి సైరన్ కొద్దిసేపు మోగి ఆగిపోయింది. లోపలి కార్మికుల్లో ఎక్కువమంది గాలి ఎటు వీస్తోందో చూసుకుని గాలికి ఎదురు దిశగా నడిచి ప్రాణాలు దక్కించుకున్నారు. గోడ అవతలి బస్తీల్లో పడుకున్నవారికి ఆ కిటుకు చెప్పినవారు లేరు. ముఖానికి తడిగుడ్డ కప్పుకుంటే కొంతైనా మేలని చెప్పినవారూ లేరు. గాలికి ఎదురు వెళ్లాలన్న ఒక్క ముక్క గోడకు ఇవతల ఉండి, అవతల లేకపోయింది.

ఆ తరువాత చట్టాలు వరసగా వచ్చాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేశారు. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమల కోసం ఒక అధ్యాయమే చేర్చారు. ఆన్‌సైట్ ప్లాన్ తయారుచేసి, అందులోని జాగ్రత్తలను కార్మికులకే కాక చుట్టుపక్కల నివసించే ప్రజలకు కూడా తెలియజేయాలని 41-బి సెక్షన్ చెప్పింది. ప్రమాదకర రసాయనాల గురించిన 1989 నిబంధనలు ఆన్‌సైట్ ప్లాన్ బాధ్యత యాజమాన్యానికీ, గోడ బయటి ఆఫ్‌సైట్ ప్లాన్ బాధ్యత జిల్లా యంత్రాంగానికీ అప్పగించాయి. కర్మాగారంలో ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్, బయట ఏడాదికోసారి రిహార్సల్ జరపాలన్నాయి. 1996లో కేంద్రం నుంచి స్థానిక స్థాయి దాకా రసాయన ప్రమాదాలను ఎదుర్కొనే క్రైసిస్ గ్రూపులు వచ్చాయి. కాగితం మీద చూస్తే మన చట్టం ఏ దేశానికీ తీసిపోదు.

వెంకటాపురంలో మోగని సైరన్

ఆ చట్టాలన్నీ అమల్లో ఉండగానే 2020 మే 7 వచ్చింది. విశాఖపట్నం గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో, తెల్లవారుజామున మూడు గంటల వేళ, ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఎగజిమ్మింది. అది 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన కర్మాగారం. లాక్‌డౌన్ వల్ల మార్చి చివరి నుంచి మూతపడి ఉంది. మళ్లీ తెరిచే ఏర్పాట్లలో ఉండగా పన్నెండు మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ రోజు రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ కూలిపోయిన మనుషుల దృశ్యాలు టీవీల్లో చూడనివారు ఈ హాల్లో ఉండరు.

ఈ ప్రమాదం ఎలా పుట్టిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. స్టైరీన్ నిలవ ఉంటే తనంతట తానే గట్టిపడడం మొదలుపెడుతుంది. రసాయన భాషలో దాన్ని పాలిమరీకరణ అంటాం. గట్టిపడుతూ వేడిని విడుదల చేస్తుంది. ఆ వేడికి గట్టిపడడం మరింత వేగం అందుకుంటుంది. అందుకే ట్యాంకును చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధకాన్ని తగిన మోతాదులో కలుపుతూ ఉండాలి. నీరభ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలై 6న ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. శీతల వ్యవస్థను రాత్రిళ్లు ఆపేస్తున్నారనీ, ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉందనీ, పైన ఎంత వేడెక్కిందో తెలిసే వీలు లేదనీ కమిటీ తేల్చింది. కావలసినంత నిరోధకం కర్మాగారంలో నిలవ లేదు. ప్రమాదం జరిగాక దాన్ని గుజరాత్ నుంచి విమానంలో తెప్పించుకోవాల్సి వచ్చింది.

నా ప్రశ్నకు సంబంధించిన అంశం కూడా ఆ నివేదికలోనే ఉంది. గేటుతో సహా 36 చోట్ల నుంచి సైరన్ మోగించే సదుపాయం ఆ కర్మాగారంలో ఉంది. ఒక్క చోట నుంచి కూడా ఎవరూ మోగించలేదు. బటన్లకు ఖర్చుపెట్టినవారు, నొక్కే చేతికి ధైర్యం ఇవ్వడానికి ఏమీ ఖర్చుపెట్టలేదు. దీనికి రాత్రి డ్యూటీలో ఉన్న నలుగురు మనుషుల పిరికితనం కారణమని తేల్చేస్తే మనం ఏమీ నేర్చుకోనట్టే. అలాంటి చోట మనిషి మనసులో ఏం మెదులుతుందో పరిశ్రమల్లో పనిచేసినవారికి తెలుసు. ‘ముందు షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెబుదాం’ అనుకుంటాడు. ఇన్‌ఛార్జి ‘మేనేజరుగారికి ఫోన్ చేద్దాం’ అనుకుంటాడు. మేనేజరు ‘నేను వచ్చి చూస్తాను’ అంటాడు. ఈలోగా గాలి తన పని తాను చేసుకుపోతుంది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువు. నేలబారున పాకి, నిద్రపోతున్న ఇళ్లలోకి నేరుగా దూరింది.

సముద్రం మీద ఎదురుచూపు

ఇది మన దేశానికి మాత్రమే ఉన్న రోగం కాదు. 1988 జూలై 6 రాత్రి స్కాట్లండ్ తీరానికి దూరంగా ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక పేలి తగలబడింది. 167 మంది చనిపోయారు. చాలామంది భోజనశాల, పడక గదులు ఉన్న బ్లాకులో చేరి, తాము నేర్చుకున్న ప్రకారం ఆజ్ఞ కోసం ఎదురుచూశారు. కంట్రోల్ రూమ్ అప్పటికే దెబ్బతిని ఖాళీ అయింది కాబట్టి ఆజ్ఞ రాలేదు. బతికి బయటపడిన 61 మందిలో ఎక్కువమంది, చెప్పిన పద్ధతి పక్కనపెట్టి కిందికి దిగినవారూ, సముద్రంలోకి దూకినవారూ. అంతకన్నా విడ్డూరం, పైపులైన్లతో కలిసి ఉన్న పక్క వేదికల నుంచి మంటలు కళ్లకు కనిపిస్తున్నా చమురు పంపింగ్ చాలాసేపు ఆగలేదు. ఆపే నిర్ణయం తీసుకోవడానికి అక్కడివారు జంకారు. లార్డ్ కలెన్ విచారణ 106 సిఫార్సులు చేసింది. ఉత్తర సముద్రంలో భద్రతా విధానమే మారిపోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ న్యూయార్క్‌లో ఉంది. ప్రపంచ వాణిజ్య కేంద్రం దక్షిణ టవర్‌లో మోర్గన్ స్టాన్లీ సంస్థ భద్రత చూసే రిక్ రెస్కోర్లా, 1993లో ఆ భవనంలో బాంబు పేలినప్పటి నుంచి ఉద్యోగులందరి చేత మెట్ల మీదుగా దిగే డ్రిల్ పదేపదే చేయించేవాడు. లక్షల డాలర్ల వ్యాపారం చేసే బ్రోకర్లు విసుక్కున్నా వదిలేవాడు కాదు. 2001 సెప్టెంబర్ 11న మొదటి విమానం పక్క టవర్‌ను ఢీకొన్నప్పుడు, ఎవరి చోట వారు ఉండండని దక్షిణ టవర్ మైకుల్లో చెప్పారు. రెస్కోర్లా ఆ మాట వినలేదు. మెగాఫోన్ పట్టుకుని తన వాళ్లను దింపేశాడు. రెండున్నర వేలకు పైగా ఉద్యోగులు ప్రాణాలతో బయటపడ్డారు. మిగిలినవారి కోసం మళ్లీ పైకి వెళ్లిన ఆయన తిరిగి రాలేదు. ఆయన ధైర్యాన్ని మెచ్చుకుంటాం, మెచ్చుకోవాలి. కానీ ఆ రోజు మెట్లు దిగినవారికి ఏ మెట్టు ఎటు తిరుగుతుందో ముందే తెలుసన్నది కూడా అంతే ముఖ్యం.

ప్రణాళికలో ఏముండాలి

ఏ చోటైనా అత్యవసర ప్రణాళిక ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ప్రమాదం సంగతి ఎవరు, ఎలా చాటాలి? ఎవరు ఏ దారిన బయటికి వెళ్లాలి? యంత్రాలను సురక్షితంగా ఆపడానికి వెనక ఎవరు ఉండాలి, వాళ్లు ఎప్పుడు బయటపడాలి? బయటికి వచ్చాక తలలు ఎవరు లెక్కపెట్టాలి? గాయపడినవారిని ఎవరు చూసుకోవాలి, ఎవరికి కబురు పెట్టాలి? అమెరికా నిబంధనలు కూడా దాదాపు ఇవే అడుగుతాయి. పదిమంది లేదా అంతకన్నా తక్కువ పనిచేసే చోట కాగితం అక్కర్లేదు, నోటితో చెప్పినా చాలంటాయి. చిన్న వ్యాపారులు ఇది గమనించాలి. ప్రణాళికకు కావలసింది డబ్బు కన్నా ముందు తీరిగ్గా కూర్చుని ఆలోచించే ఒక పూట.

మొదటి ప్రశ్న గురించి చాలా చెప్పాను. నాలుగో ప్రశ్న, తలల లెక్క, మనవాళ్లు మరీ తేలిగ్గా తీసుకునేది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగి యాభై మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు. కొందరి ఆనవాలు కూడా దొరకలేదు. డీఎన్ఏ పరీక్షల కోసం, పేర్ల జాబితా కోసం కుటుంబాలు రోజుల తరబడి గేటు దగ్గర, ఆసుపత్రి దగ్గర పడిగాపులు పడ్డాయి. ఆ క్షణంలో లోపల ఎవరెవరు ఉన్నారన్న జాబితా, పేలుడు తాకని చోట, గేటు బయట ఒక ప్రతి ఉండి తీరాలి. కాంట్రాక్టరు మనుషులు, లారీ డ్రైవర్లు, మరమ్మతుకు వచ్చిన మెకానిక్కులు, క్యాంటీన్ కుర్రాళ్లు కూడా అందులో ఉండాలి. లెక్క తేలకపోతే అగ్నిమాపక సిబ్బంది లేని మనిషి కోసం మంటల్లోకి వెళ్లవచ్చు, ఉన్న మనిషిని వదిలి రావచ్చు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన పారిశ్రామికవాడల్లో పనిచేసేవారిలో ఒడియా, హిందీ, భోజ్‌పురి, బెంగాలీ మాట్లాడేవారు వేలల్లో ఉన్నారు. గోడల మీద సూచనలు మాత్రం ఇంగ్లిషులో, అడుగున చిన్న అక్షరాల్లో తెలుగులో ఉంటాయి. ఊపిరాడనప్పుడు ఎవరూ చదవరు. బాణం గుర్తు, రంగు, తోటివాడి కేక, అలవాటైన కాళ్లు మాత్రమే పనిచేస్తాయి. కాబట్టి పనిలో చేరిన తొలిరోజే ఆ కార్మికుణ్ణి అతని భాష తెలిసిన మనిషి వెంటబెట్టుకుని బయటికి వచ్చాక అందరూ చేరాల్సిన చోటు, అంటే అసెంబ్లీ పాయింట్ దాకా నడిపించాలి. సంతకం పెట్టించుకున్న కాగితం ఆ నడకకు బదులు కాదు.

మాక్ డ్రిల్ అనే తంతు

మాక్ డ్రిల్ ఎలా జరుగుతుందో మీకు తెలుసు. తేదీ వారం ముందే అందరికీ తెలుస్తుంది. ఉదయం పదకొండు గంటలకు, అధికారులు కుర్చీల్లో కూర్చున్నాక, సైరన్ మోగుతుంది. ఒకతను స్ట్రెచర్ మీద గాయపడినట్టు నటిస్తాడు. ఫొటోలు తీస్తారు, టీ తాగుతారు, నివేదికలో ‘సంతృప్తికరం’ అని రాస్తారు. భోపాల్, వెంకటాపురం రెండూ అర్ధరాత్రి దాటాకే జరిగాయి. 1997 సెప్టెంబర్ 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ పేలి సుమారు అరవై మందిని బలితీసుకున్న రోజు ఆదివారం. మన డ్రిల్ మాత్రం పని దినాల్లో, పగటి పూటే.

డ్రిల్ ఉద్దేశం లోపం బయటపెట్టడం. ఏ లోపమూ దొరకని డ్రిల్ విఫలమైనట్టే లెక్క. రాత్రి మూడింటికి పెట్టి చూడండి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి స్పృహ తప్పాడని ప్రకటించి, తరువాతి మనిషి ఏం చేస్తాడో చూడండి. ప్రధాన గేటు మూసుకుపోయిందనుకోండి. కరెంటు తీసేయండి. సిలిండర్, మాస్కు తగిలించుకోవడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. దొరికిన లోపాలు రాసి, ఎవరు ఎప్పటికి సరిదిద్దాలో పేరు పెట్టి, కార్మికులందరికీ కనిపించే చోట అంటించండి.

చిన్న చోట్ల చావులు

పెద్ద కర్మాగారాల మాట ఇలా ఉంటే, చట్టం చూపు సరిగ్గా పడని చోట్లు ఇంకా ఎక్కువ. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాముకు నిప్పంటుకుని, పై అంతస్తులో పడుకున్న పదకొండు మంది బిహార్ కార్మికులు చనిపోయారు. బయటికి దారి మంటల్లోంచే ఉంది. ఏడాది తిరగకుండా, 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. వాళ్లు పనిచేసింది ఆఫీసులో. రసాయనాలు లేవు, బాయిలర్లు లేవు. ఆఫీసు, కోచింగ్ సెంటర్, షోరూమ్, ఆసుపత్రి, ఇవన్నీ పనిచోట్లే. మెట్ల దారిలో అట్టపెట్టెలు పేర్చిన యజమానికీ, దొంగల భయంతో రెండో తలుపుకు తాళం వేసిన మేనేజరుకూ తాము ప్రాణాలతో ఆడుకుంటున్నామన్న ఊహ ఉండదు. 1911లో న్యూయార్క్ ట్రయాంగిల్ బట్టల కర్మాగారంలో 146 మంది చనిపోవడానికి తాళం వేసిన తలుపే ఒక కారణం. నూరేళ్లు దాటినా ఆ తాళం మనల్ని వదల్లేదు.

గోడ అవతలి జనం

కోనసీమలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27న గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. వాసన వస్తోందని ఊరివాళ్లు ముందునుంచే చెబుతూ వచ్చారని అప్పటి పత్రికలు రాశాయి. చెప్పినవారు ఉన్నారు, విన్న వెంటనే పని ఆపవలసినవారు లేరు. 1997లో విశాఖలో దీనికి తలకిందులుగా జరిగింది. ఊరంతా పేలిపోతుందన్న వదంతికి జనం వేల సంఖ్యలో ఇళ్లు విడిచి పరుగెత్తారు. సైరన్ మోగిస్తే జనం కంగారు పడతారని యాజమాన్యాలు అంటూ ఉంటాయి. సమాచారం లేకపోవడం వల్లే కంగారు పుడుతుందని విశాఖ అనుభవమే చెబుతోంది.

జనానికి చెప్పాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు. పక్క కర్మాగారంలో ఏ రసాయనం ఉంది? క్లోరిన్, స్టైరీన్, ఎల్‌పీజీ గాలికన్నా బరువు. పల్లంలోకి, సెల్లార్లలోకి దిగుతాయి, కాబట్టి కిందికి పోకూడదు. గాలికి అడ్డంగా పక్కకు జరిగి, ఆ తరువాత ఎదురు దిశగా వెళ్లాలి. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, ఐస్ ఫ్యాక్టరీల్లో వాడే అమ్మోనియా తేలికే అయినా, చల్లగా లీకైనప్పుడు మొదట నేలమీదే పరుచుకుంటుంది. కళ్లు మండితే నీళ్లతో కడగాలి. సైరన్ ఏ రకంగా మోగితే ఏమిటో, ఎప్పుడు ఇంట్లో తలుపులు వేసుకుని ఉండాలో, ఎప్పుడు బయల్దేరాలో తెలియాలి. ఇది గ్రామసభలో ఒక గంట పని, బడిలో ఒక పీరియడ్ పని.

అధికారం కిందికి దిగాలి

భోపాల్ తరువాతి చట్టంలోనూ ఒక లోటు ఉండేది. ప్రాణాపాయం పొంచి ఉందని నమ్మితే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టరుకూ తెలియజేసే హక్కు, 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలోని 41-హెచ్ సెక్షన్ కార్మికుడికి ఇచ్చింది. యాజమాన్యం వెంటనే చర్య తీసుకోవాలని కూడా చెప్పింది. కానీ చెప్పే హక్కు వేరు, ఆపే హక్కు వేరు. టొయోటా కార్ల కర్మాగారంలో ఒక భాగం సరిగ్గా అమరలేదని అనుమానం వస్తే తాడు లాగి లైను ఆపించే అధికారం మామూలు కార్మికుడికి ఉంది. కారు నాణ్యత కోసం ఇచ్చిన అధికారాన్ని మనిషి ప్రాణం కోసం ఇవ్వడానికి మనకు అభ్యంతరం ఏమిటి?

పొరపాటున మోగిస్తే ఉత్పత్తి నష్టం కదా అంటారు. నిజమే, కొంత నష్టం ఉంటుంది. ఒక షిఫ్టు ఉత్పత్తి మళ్లీ తీసుకోవచ్చు. కానీ పొరపాటున సైరన్ మోగించినవాడికి మెమో ఇచ్చిన కర్మాగారంలో రెండోసారి ఎవరూ మోగించరు. అందువల్ల ప్రతి సైరన్ బటన్ పక్కన మేనేజరు సంతకంతో ఒక బోర్డు ఉండాలి: ‘ప్రమాదమని అనిపిస్తే నొక్కండి. ఎవరినీ అడగనక్కర్లేదు. పొరపాటైనా మీ మీద చర్య ఉండదు.’ ఈ మూడు వాక్యాలకు అయ్యే ఖర్చు బోర్డు ఖర్చే.

యాజమాన్యాలను నేను కోరేది ఈ బోర్డు, గేటు బయట జాబితా, రాత్రి డ్రిల్. ప్రభుత్వాన్ని కోరేది, ఆఫ్‌సైట్ ప్లాన్‌ను కలెక్టరేట్ బీరువాలో దాచకుండా తెలుగులో ప్రతి పంచాయతీ కార్యాలయంలో పెట్టాలని, ఇన్‌స్పెక్టర్ల ఖాళీలు నింపాలని, ఉన్నతస్థాయి కమిటీల సిఫార్సుల్లో ఏవి అమలయ్యాయో ఏటా ఏప్రిల్ 28న ప్రకటించాలని. కార్మిక సంఘాలను కోరేది, జీతం, బోనస్ చర్చలు జరిగే బల్ల మీదే అత్యవసర ప్రణాళికను కూడా పెట్టాలని, కాంట్రాక్టు కార్మికుణ్ణి తమవాడిగా లెక్కలోకి తీసుకోవాలని.

విద్యార్థులకు చివరిగా ఒక మాట. రేపు మీరు ఏ ప్లాంటులో చేరినా, ఏ ఆఫీసులో కూర్చున్నా, మొదటి రోజే మూడు సంగతులు అడగండి: రెండో దారి ఎక్కడుంది, బయటికి వచ్చాక ఎక్కడ నిలబడాలి, నన్ను ఎవరు లెక్కపెడతారు. కొత్తవాడికి ఇవన్నీ ఎందుకని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. జవాబు రాకపోతే మరునాడు మళ్లీ అడగండి. పక్కనున్నవాళ్ల చేత కూడా అడిగించండి.